ఆయిల్ మూత కింద మీగడ కనిపిస్తే

సంక్రాంతికి వారం ముందు ఒక టీచరమ్మ గారు విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకి వచ్చారు. కారు ఆపీ ఆపకముందే ఫోన్‌లో ఫోటో చూపించారు. ఇంజన్ ఆయిల్ పోసే మూత లోపలివైపు వెన్న రాసినట్టు లేత పసుపు ముద్ద. "మేస్త్రీ గారూ, ఆయిల్లో నీళ్లు కలిశాయట. హెడ్, అంటే ఇంజన్ పైభాగం, దించాలట, ముప్ఫై వేలు అవుతుందట. నిజమేనా?" అన్నారు. ఆ మాట చెప్పినవాళ్లు డిప్‌స్టిక్, అంటే ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ, తీసి చూశారా అని అడిగాను. లేదన్నారు.

నాకు బాధేసింది. ఎందుకంటే పని నేర్చుకున్న కొత్తలో నేనూ అదే తప్పు చేశాను. మూత చూసి హెడ్ దించాను. హెడ్ కింద ఉండి, నీళ్లు ఆయిల్లో కలవకుండా ఆపే గ్యాస్కెట్ చక్కగా ఉంది. ఆ బండి ఒక పాలవ్యాపారిది, రెండు రోజులు ఆయన పని ఆగిపోయింది. అప్పట్నుంచి మూత ఒక్కటే చూసి ఏ ఇంజనూ విప్పలేదు.

ముందు ఆ మీగడ ఎక్కడిదో తెలుసుకోండి. ఇంధనం మండితే నీటి ఆవిరి పుడుతుంది. కిలో పెట్రోలు మండితే సుమారు 1.4 కిలోల నీరు, కిలో సీఎన్‌జీకైతే రెండు కిలోలకు పైనే. దాదాపు అంతా సైలెన్సర్ గుండా పోతుంది. కొంచెం మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. ఇంజన్ బాగా కాగితే ఆ ఆవిరి బ్రీదర్ పైపులోంచి మళ్లీ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజన్ గాలి పీల్చుకునే దారిలోకి, వెళ్లి చివరికి సైలెన్సర్ గుండానే బయటికి పోతుంది. కాగకపోతే, ఇంజన్లో అన్నిటికంటే చల్లగా ఉండేచోట, అంటే పైనున్న మూతకి, నీటిబొట్లుగా పడుతుంది. లోపల ఎగిరే ఆయిల్ తుంపరతో కలిసి, కవ్వంతో చిలికినట్టు ముద్దకడుతుంది.

టీచరమ్మ గారిల్లు పటమట. బడి బెంజ్ సర్కిల్ దగ్గర. పొద్దున రెండు కిలోమీటర్లు, సాయంత్రం రెండు కిలోమీటర్లు. బండి సీఎన్‌జీది. పైగా చలికాలం. ఆ మూత కింద మీగడ లేకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి.

మీరూ మీ ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. చదునైన చోట బండి పెట్టి డిప్‌స్టిక్ లాగండి, తుడవండి, మళ్లీ పెట్టి లాగండి. చూడాల్సింది కింది కొస, గీతల మధ్య భాగం. పైభాగంలో, గొట్టం నోటి దగ్గర కాస్త తెల్లగా ఉన్నా కంగారొద్దు, అదీ ఆవిరి పనే కావచ్చు. కొస దగ్గర ఆయిల్ నల్లగానో, తేనె రంగులో పారదర్శకంగానో ఉంటే మంచి సూచన. పాలు పోసిన కాఫీలా మారిపోయినా, లెవెల్ పైగీత దాటి పెరిగినా బండి స్టార్ట్ చేయకండి. ఆయిల్ ఎప్పుడూ తనంతట తాను పెరగదు.

తర్వాత కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, ఉండే బాటిల్. మినిమం, మ్యాక్సిమం గీతల మధ్య ఎక్కడుందో చూసి, అక్కడ ఒక టేపు ముక్క అతికించి తేదీ రాయండి. ఈ చిన్న పని చాలామంది చేయరు. నన్నడిగితే అన్ని పరీక్షల్లోకీ ఇదే నమ్మకమైనది. రెండు వారాల తర్వాత అదే పొద్దున వేళ చూస్తే లెవెల్ అక్కడే ఉందంటే కూలెంట్ ఎటూ పోవట్లేదన్నమాట. బాటిల్లో పైన నూనె తెట్టు గానీ, గోధుమరంగు జిగురు గానీ ఉంటే మాత్రం ఆయిలూ కూలెంటూ ఎక్కడో కలుస్తున్నాయి. కూలెంట్‌తో ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్ ఉన్న బండ్లలో హెడ్ కంటే ముందు ఆ కూలర్‌నే అనుమానించాలి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఎవరు చెప్పినా తీయకండి. ఒళ్లు కాలి ఆసుపత్రిలో పడుకున్నవాళ్లని చూశాను.

డిప్‌స్టిక్ బాగుండి, కూలెంట్ తగ్గకుండా ఉంటే మూతని, అది కూర్చునే నోటిని శుభ్రమైన గుడ్డతో తుడిచేయండి. ఆ ముద్ద లోపల పడనివ్వొద్దు. ఒక ఆదివారం హైవే ఎక్కి హనుమాన్ జంక్షన్ దాకా ఆగకుండా వెళ్లి రండి. టెంపరేచర్ ముల్లు పది నిమిషాల్లో మధ్యకి వచ్చేస్తుంది గానీ అది కూలెంట్ వేడి. ఆయిల్ కాగడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. ఇంటిముందు నిలబెట్టి అరగంట రేజ్ చేస్తే ఆ పని జరగదు. తిరిగొచ్చి ఇంజన్ చల్లారాక మూత తీయండి. మీగడ రాకపోయినా, పలచటి తేమే ఉన్నా అది ఆవిరే.

దూరం తిరిగినా మళ్లీ మళ్లీ వస్తోందా? అప్పుడు థర్మోస్టాట్ చూడాలి, అంటే ఇంజన్ కాగేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వ్. మా ప్రాంతంలో ఎండలకు భయపడి "అది తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది" అని ఆ వాల్వ్ పీకేయడం పాత అలవాటు. దయచేసి అలా చేయించకండి. ఇంజన్‌కి చల్లదనం కాదు, సరైన వేడి కావాలి. వాల్వ్ లేకపోయినా, తెరుచుకుని ఇరుక్కుపోయినా హైవేలో ముల్లు కిందికి జారుతుంది, మైలేజీ తగ్గుతుంది, మూత కింద మీగడ పేరుకుంటుంది. బ్రీదర్ పైపు మడ్డితో మూసుకుపోయినా ఇంతే.

ఇంకా అనుమానం తీరకపోతే నేను చేసే పరీక్ష ఒకటుంది. పాత ఇనుప గరిటెని బాగా వేడిచేసి, మంట ఆర్పేసి, డిప్‌స్టిక్ కొసనుంచి రెండు చుక్కలు దానిమీద వేస్తాను. చిటపటలాడితే నీళ్లున్నాయి. చప్పుడు లేకుండా పొగ వస్తే లేవు. మూత మీది ముద్దతో ఈ పరీక్ష చేయకూడదు, అందులో నీళ్లు ఎలాగూ ఉంటాయి, తప్పకుండా చిటపటమంటుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, రెండు చుక్కలు మించొద్దు.

నిజంగా గ్యాస్కెట్ పోయిన బండి వేరేగా ఉంటుంది. కూలెంట్ తరిగిపోతుంటుంది, కింద మరక ఉండదు. ఇంజన్ కాగాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ, అందులో తీపి వాసన. స్టార్ట్ చేసిన కాసేపటికే రేడియేటర్ పైపు రాయిలా బిగుస్తుంది. ఒకటికి రెండు కనిపిస్తే షెడ్డుకి తోయించుకుని వెళ్లండి, నడిపి కాదు. కూలెంట్‌లోని గ్లైకాల్ ఆయిల్లో కలిస్తే బేరింగులు నాశనమవుతాయి. అక్కడికెళ్లి "హెడ్ దించే ముందు కూలెంట్ ప్రెషర్ టెస్ట్ చేయండి" అని అడగండి. పంపుతో గాలి ఎక్కించి, ప్రెషర్ గేజి ముల్లు నిలబడుతుందో పడిపోతుందో మీ కళ్లముందే చూపించమనండి. అడిగే హక్కు మీకుంది.

మునిగిన బండి సంగతి పూర్తిగా వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా వీధి నిండా బండ్లే. కొన్నిటికి మూత తీస్తే లోపలంతా పాలే. అలాంటి బండికి తాళం తిప్పకండి, బ్యాటరీ వైరు తీసేయండి. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక రాత్రి కదలకుండా ఉన్న బండికి డ్రెయిన్ నట్ మెల్లగా వదులు చేస్తే ముందు నీళ్లొస్తాయి, తర్వాత ఆయిల్. నీళ్లు బరువు కాబట్టి అడుగున కూర్చుంటాయి. అప్పుడే తెలిసిపోతుంది ఎంత దూరిందో. స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లు ఆరబెట్టి, ఫిల్టర్‌తో సహా ఆయిల్ మార్చి, కొద్దిగా నడిపి మళ్లీ మార్చాలి. ఒక్కసారి మార్చితే సరిపోదు.

టీచరమ్మ గారి డిప్‌స్టిక్ తేనె రంగులో ఉంది. కూలెంట్ గీత మీదే ఉంది. టేపు అతికించి పంపాను. కనుమ మర్నాడు భర్తతో ఏలూరు వెళ్లొచ్చి మూత తీసి ఫోటో పెట్టారు, శుభ్రంగా ఉంది. మాన్యువల్లో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని రాసున్నా, రోజూ నాలుగు కిలోమీటర్లే తిరిగే బండి కాబట్టి ఆర్నెల్లకే ఆయిల్ మార్చమన్నాను. జులైకి రమ్మని ఆ తేదీ కూడా టేపు మీదే రాశాను.