పూర్ణా మార్కెట్ సున్నం, హార్బర్ చేప: విశాఖలో ఒకటిన్నర రోజుల మెక్సికన్ వంట యాత్ర

మెక్సికన్ వంట అనగానే చాలామంది సూపర్ మార్కెట్‌కి వెళ్లి గట్టి టాకో పెంకుల డబ్బా, చీజ్ ప్యాకెట్టు వెతుకుతారు. ఆ గట్టి పెంకు, పైన పసుపు చీజ్ అమెరికా వాళ్ల అలవాటు. మెక్సికోలో టాకో అంటే టోర్టియా అనే మెత్తటి మొక్కజొన్న రొట్టెలో కూర పెట్టుకుని మడిచి తినడం. ఆ రొట్టెకి కావలసినవి ఎండు మొక్కజొన్న, సున్నం, నీళ్లు. అంతే.

శనివారం సాయంత్రం బయల్దేరి, ఆదివారం మధ్యాహ్నానికి నలుగురికి వడ్డించే లెక్క ఇది. ముందు పూర్ణా మార్కెట్, తెల్లవారాక ఫిషింగ్ హార్బర్, అక్కణ్ణుంచి ఎంవీపీ కాలనీ రైతు బజారు, సాయంత్రం ఆర్కే బీచ్. ఈ వరస మార్చకండి. మొక్కజొన్న రాత్రంతా నానాలి. చేప మాత్రం వంటకి ఎంత దగ్గరగా కొంటే అంత మంచిది.

శనివారం సాయంత్రం, పూర్ణా మార్కెట్

కారు జగదాంబ వైపు ఎక్కడైనా ఆపి ఆటోలో వెళ్లండి. ఆ సందుల్లో కారుతో పడే పాట్లు పడలేం. కిరాణా హోల్‌సేల్ కొట్లో అరకిలో ఎండు మొక్కజొన్న గింజలు అడగండి. ఇక్కడ తప్పు కొనేవాళ్లే ఎక్కువ. స్వీట్‌కార్న్‌లో పిండి పదార్థం తక్కువ, రొట్టెకి పనికిరాదు. పాప్‌కార్న్ గింజ మరీ గట్టిది, ఎంత ఉడికించినా పలుకు మిగులుతుంది. కోళ్ల దాణా కొట్లో గింజలు చవకే గానీ బూజు పట్టి ఉండొచ్చు. గులాబీ రంగు పూసిన గింజలైతే అసలు ముట్టుకోకండి, అవి మందు పట్టించిన విత్తనాలు. మక్కీ ఆటాతో సరిపెట్టుకుందామన్నా కుదరదు. అది సున్నం తగలని పిండి కాబట్టి ఒత్తగానే అంచులు పగిలి విరిగిపోతుంది.

సున్నం తమలపాకులు అమ్మేవాళ్ల దగ్గర తీసుకోండి. తాంబూలంలో వేసుకునే తెల్ల సున్నం కావాలి. రంగుదీ వాసనదీ వద్దు, గోడలకి వేసే సున్నం అసలే వద్దు.

మిరపకాయలు రెండు రకాలు కావాలి. బ్యాడిగి రంగు కోసం, గుంటూరు కారం కోసం. మెక్సికోలో గుఆహీయో అనే ఎండుమిర్చి రంగు ఇస్తుంది, సన్నటి అర్బోల్ మంట పెడుతుంది. మన రెండూ కలిస్తే ఆ పని దాదాపుగా జరిగిపోతుంది. వాటితో పాటు పావుకిలో రాజ్మా కొనండి. చింతపల్లి వైపు మన్యంలో పండేది దొరికితే అదే తీసుకోండి. రాజ్మా పుట్టిల్లు కూడా ఆ అమెరికా ఖండాలే. ఇంట్లో పూరీ ప్రెస్ లేకపోతే స్టీలు సామాన్ల కొట్లో అదీ కొనేయండి.

శనివారం రాత్రి, సున్నపు నీళ్లు

అసలు వంట ఇదే. మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటాయి, ఇది తేడా వస్తే రొట్టె రాదు.

అరకిలో గింజలు కడిగి రెండు లీటర్ల నీళ్లు పోయండి. పొడి సున్నమైతే 5 గ్రాములు, అంటే గింజల బరువులో నూటికి ఒక వంతు. తాంబూలం సున్నంలో నీరు ఉంటుంది కాబట్టి అది 10 నుంచి 12 గ్రాములు, టీస్పూనున్నర. ముందు గ్లాసుడు నీళ్లలో కరిగించి అప్పుడు పోయండి, లేకపోతే అడుగున ముద్దగా పేరుకుంటుంది. గిన్నె స్టీలుదే కావాలి. సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది, గిన్నె నల్లబడడమే కాక ఆ లోహం గింజల్లోకి దిగుతుంది.

సన్నని సెగ మీద నలభై నిమిషాలు ఉడికించండి. నీళ్లు తెర్లకూడదు, చిన్న బుడగలు వస్తే చాలు. తెల్లటి గింజ కూడా సున్నం తగిలి పసుపెక్కుతుంది, కంగారు పడకండి. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపితే తోలు జారిపోవాలి. కొరికి చూస్తే మధ్యలో చిన్న తెల్ల పలుకు మిగలాలి. పలుకు లేకుండా ఉడికితే పిండి జిగురుగా మారి చేతికి అంటుకుపోతుంది. స్టవ్ ఆపి మూతపెట్టి రాత్రంతా, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, అలాగే వదిలేయండి. రాజ్మా వేరే గిన్నెలో నానబెట్టడం మరిచిపోవద్దు.

సున్నం గింజ పైతోలును కరిగించి, పిండికి పట్టు ఇస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఒంటికి అందని రూపంలో ఉంటుంది, సున్నం దాన్ని విడిపిస్తుంది. ఐరోపా వాళ్లు మొక్కజొన్నను తీసుకెళ్లారు గానీ ఈ సున్నం పద్ధతి తీసుకెళ్లలేదు. దాంతో ఉత్తర ఇటలీలో రోజూ అదే తిన్న పేదలు నియాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బున పడ్డారు.

ఆదివారం తెల్లవారి, ఫిషింగ్ హార్బర్

పొద్దున్నే ఆరింటికల్లా అక్కడ ఉండండి. ఆదివారం రద్దీ ఎక్కువ, ఎండెక్కితే చేప రేటుతో పాటు నాణ్యత కూడా మారిపోతుంది. ఐస్ బాక్స్ తీసుకెళ్లండి, కిలో చేపకి కిలో ఐస్. చెప్పులు తడిసినా బాధ లేనివి వేసుకోండి.

వేయించి టాకోలో పెట్టడానికి గట్టి తెల్ల కండ ఉన్న చేప కావాలి. పండుగప్ప అన్నిటికన్నా నయం. వంజరం కూడా బాగుంటుంది గానీ ఆ ధరకి దాన్ని పిండిలో ముంచడం మనసొప్పదు. కానాగంతలు, కవ్వళ్లు వద్దు, నూనె ఎక్కువ, ముళ్లు ఎక్కువ. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బెత్తుగా ఉండాలి, వేలితో నొక్కితే కండ వెనక్కి లేవాలి. కిలో పావు చేప కొని, కోసేవాళ్లతో తోలు, నడిముల్లు తీసి ఇమ్మనండి. అరకిలో పైచిలుకు కండ చేతికొస్తుంది. తల, ముల్లు వదిలేయకండి, పులుసుకి పనికొస్తాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో చెరువు పండుగప్పో, చెరువు రొయ్యలో చూసుకోవాల్సిందే.

అన్నట్టు, మనం సొర పిట్టు చేసినట్టే మెక్సికోలోని కంపెచేలో సొరచేపను ఉడికించి పొడిపొడిగా విడదీసి, నల్ల చిక్కుడు గింజల ముద్దతో టోర్టియాల మధ్య పొరలుగా పేర్చి, పైన టమాటా సాస్ పోస్తారు. దాని పేరు పాన్ దె కసోన్.

రైతు బజారు

బీచ్ రోడ్డు పట్టుకుని ఎంవీపీ కాలనీకి రండి. అరకిలో పండిన టమాటాలు, ఒక చిన్న క్యాబేజీ, ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, ఆరు నిమ్మకాయలు. అవకాడో ఇష్టమైతే మూడు రోజుల ముందే గట్టివి కొని, అరటిపండుతో కలిపి కాగితంలో చుట్టి ఉంచాలి. మన దగ్గర పండే రకాల్లో నీరు ఎక్కువ కాబట్టి మిక్సీలో వేస్తే జారుగా అయిపోతుంది. ఫోర్కుతో మెదిపి, వడ్డించే ముందే ఉప్పు, నిమ్మ కలపండి.

వంట

గింజల్ని రెండు మూడు నీళ్లలో కడిగి, తోలు చాలా వరకు పోయేలా రుద్దండి. అంతా పోనక్కర్లేదు, కొంత మిగిలితేనే పట్టు. వెట్ గ్రైండర్‌లో వేసి ఇడ్లీ పిండికి పోసినట్టు నీళ్లు పోయొద్దు. రాళ్లు తిరిగేంత మాత్రమే, గరిటెడు చొప్పున పోస్తూ రుబ్బండి. జారుగా అయిపోయిందా, నూలు గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద అరగంట ఉంచండి. మన సముద్రపు గాలిలో ఇంకాసేపు పట్టొచ్చు. పిండి మరకి తీసుకెళ్లకండి, ఈ తడికి అక్కడ అతుక్కుపోతుంది.

35 గ్రాముల ఉండ, అంటే పెద్ద నిమ్మకాయంత. ఒక ఉండ ఒత్తి చూడండి. అంచులు పగిలితే చెంచాడు నీళ్లు కలపండి, వేళ్లకి అంటుకుంటే ఇంకాస్త ఆరనివ్వండి. పూరీ ప్రెస్‌లో పైనా కిందా కోసిన పాల కవరు వేసి రెండు మిల్లీమీటర్ల మందంలో ఒత్తండి. బాగా కాలిన ఇనుప పెనం మీద ఇరవై సెకన్లు, తిరగేసి నలభై అయిదు సెకన్లు, మళ్లీ తిరగేసి గుడ్డతో మెల్లిగా అద్దితే పుల్కాలా పొంగుతుంది. పొంగలేదంటే పెనం చాలినంత కాలలేదు, లేదా పిండి పొడిగా ఉంది. కాల్చినవన్నీ గుడ్డలో చుట్టి హాట్‌ప్యాక్‌లో పది నిమిషాలు ఉంచండి. ఆ ఆవిరికే అవి మెత్తబడతాయి. నూనె రాయొద్దు.

టాకోలో వేసుకునే సల్సా అనే మెక్సికన్ పచ్చడికి నాలుగు టమాటాలు, సగం ఉల్లిపాయ, తొక్క తీయని మూడు వెల్లుల్లి రెబ్బలు పెనం మీద నల్ల మచ్చలు పడేదాకా కాల్చండి. మూడు గుంటూరు, రెండు బ్యాడిగి మిరపకాయల్ని పక్కకి పది సెకన్లు వేడి చేసి వేడినీళ్లలో పావుగంట నానబెట్టండి. మిరపకాయ మాడితే సల్సా అంతా చేదే, దాన్ని బాగుచేసే దారి లేదు. అన్నీ ఉప్పుతో రోట్లో బరకగా నూరండి. పోపు పెట్టాలని చెయ్యి లాగుతుంది. పెడితే అది మన రోటిపచ్చడి అయిపోతుంది, రుచిగానే ఉంటుంది గానీ టాకోకి నప్పదు.

రాజ్మా నీళ్లు వంపేసి, కొత్త నీళ్లలో సగం ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి వేసి కుక్కర్‌లో ఆరు కూతలు. ఉప్పు చివర్లో. గరం మసాలా డబ్బా తీయొద్దు.

చేపను బొటనవేలంత ముక్కలు కోసి, తడి పూర్తిగా అద్ది ఉప్పు రాయండి. 120 గ్రాముల మైదా, అర టీస్పూను బేకింగ్ పౌడర్, 180 మిల్లీలీటర్ల చల్లటి సోడా. చేప టాకోలకి పేరుపడ్డ మెక్సికో ఊరు ఎన్సెనాదాలో బీరు పోస్తారు, మనకి సాదా గోలీసోడా చాలు. పిండి ముందే కలిపి పెడితే సోడా పొంగు చచ్చిపోతుంది, నూనె కాగాకే కలపండి. నాలుగు ముక్కలకి మించి ఒక్కసారి వేయకండి, నూనె చల్లారి ముక్క మెత్తబడుతుంది. మూడు నాలుగు నిమిషాలు చాలు. రొట్టెలో చేప, సన్నగా తరిగిన క్యాబేజీ, కాస్త మయొనైజ్, సల్సా, నిమ్మ. రాజ్మా పక్కన గిన్నెలో.

సాయంత్రం, ఆర్కే బీచ్

బొగ్గుల మీద కాల్చే పొత్తులు మెక్సికో వీధుల్లో కూడా ఉంటాయి, వాటికి ఎలోతే అని పేరు. ఇంటి నుంచి మయొనైజ్, చిదిపి ఉప్పు కలిపిన పన్నీరు, కారం చిన్న డబ్బాల్లో తీసుకెళ్లండి. పొత్తు కాల్చే ఆవిడతో నిమ్మచెక్క రుద్దొద్దని ముందే చెప్పాలి. తడి మీద మయొనైజ్ నిలవదు. వేడి మీదే మయొనైజ్ పూసి, పన్నీరు, కారం చల్లి, నిమ్మ చివర్న పిండుకోండి.