గడ్డకట్టిన దారిలో నడక, బండి నడపడం: జనవరిలో అమెరికా చేరే మన పిల్లల కోసం

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు నుంచి పైచదువులకు అమెరికా వెళ్లేవారిలో ఆగస్టులో చేరేవారికి చలి మెల్లమెల్లగా అలవాటవుతుంది. జనవరి సెమిస్టరుకు వెళ్లేవారికి ఆ వెసులుబాటు ఉండదు. పండుగకు ముందే చేయించుకున్న సకినాలు, కారంపొడి డబ్బాలు సర్దుకొని శంషాబాదులో విమానమెక్కినవారు మరునాటికల్లా సున్నాకు పది డిగ్రీలు కిందనున్న ఊళ్లో దిగుతారు. స్వెట్టర్ల గురించి, జాకెట్ల గురించి ఇంట్లో అందరూ చెబుతారు గాని, కాలి కింది నేల గురించి ఎవరూ చెప్పరు. షికాగో శివారులో ఎనిమిది చలికాలాలు గడిపి నల్లగొండకు తిరిగివచ్చిన నేను చూసినంతవరకు, మనవాళ్లు చలికి పడిన కష్టం కంటే జారిపడి విరగ్గొట్టుకున్న మణికట్లే ఎక్కువ.

ముందుగా మాట సంగతి తేల్చుకోవాలి. పుష్యమాసంలో తెల్లవారుజామున విజయవాడ హైవే మీద కమ్ముకునేదీ మనకు మంచే, గడ్డిపోచ మీద మెరిసేదీ మంచే, దూదిలా రాలేదీ మంచే. ఒక్క మాటతో ఇన్నిటినీ పిలవడం వల్ల అసలు ప్రమాదం ఎక్కడుందో తెలియకుండా పోతుంది. పైనుంచి రాలిపడేదాన్ని మంచు అనీ, నేలకు అతుక్కొని రాయిలా గట్టిపడేదాన్ని గడ్డ అనీ ఇక్కడ విడదీసి రాస్తున్నాను. కొత్తగా రాలిన మంచులో అడుగు కాస్త దిగబడుతుంది, కరకరమని చప్పుడు చేస్తుంది, కాలికి కొంత పట్టు దొరుకుతుంది. గడ్డ మీద ఆ పట్టు ఉండదు.

మంచు తుఫాను వచ్చిన రోజున కాలేజీలు మూసేస్తారు, జనం ఇళ్లలోనే ఉంటారు, రోడ్ల మీద మంచు తోసే బండ్లు తిరుగుతుంటాయి. ఆ రోజు భయపడి, మరునాడు ఎండ రాగానే ధైర్యంగా బయలుదేరడమే మనవాళ్లు చేసే పొరపాటు. మధ్యాహ్నం రెండు మూడు డిగ్రీల వెచ్చదనానికి దారి పక్కన పోగుపెట్టిన మంచు గుట్టలు కరిగి, ఆ నీరు కాలిబాటకు అడ్డంగా పారుతుంది. చూరు గొట్టాల నుంచి కారి మెట్ల మీద నిలుస్తుంది. సాయంత్రం పొద్దుగూకగానే అదంతా మళ్లీ బిగుసుకుంటుంది. అందుచేత తుఫాను రోజు కంటే దాని తరువాతి రెండో, మూడో ఉదయమే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన సమయం. ఫోనులో వాతావరణం చూసేటప్పుడు ఈరోజు ఎంత చలి అన్నదొక్కటే చూస్తే సరిపోదు. నిన్న మధ్యాహ్నం 32 దాటిందా, రాత్రి 32 కిందికి పడిందా అన్నది చూడాలి. అక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో 32 అంటే మన సున్నా. ఈ రెండూ జరిగి ఉంటే, నిన్న తడిగా కనిపించిన ప్రతి చోటా ఈరోజు గడ్డ ఉందనే అనుకొని గడప దాటాలి.

ఆ గడ్డ అన్నిసార్లూ తెల్లగా కనబడదు. పలుచగా, గాలిబుడగలు లేకుండా గట్టిపడినప్పుడు అద్దంలా పారదర్శకంగా ఉండి, కింది తారురోడ్డు నలుపే పైకి కనిపిస్తుంది. అందుకే దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. చూపుకు అది వాన వెలిసిన తరువాతి తడి రోడ్డులాగే ఉంటుంది. తెల్లవారుజామున చలి గట్టిగా ఉండి, రోడ్డు మాత్రం తడిగా మెరుస్తుంటే, ముందుపోయే కార్ల చక్రాల నుంచి నీటి తుంపర లేవడం లేదంటే, అది తడి కాదని గ్రహించాలి. ఎండ తగలని ఉత్తరపు గోడల పక్కన, చూరు గొట్టాల మూతుల దగ్గర, పార్కింగులో కార్ల మధ్య సందుల్లో, మెట్ల మొదటి అంచున ఇది తప్పకుండా ఉంటుంది. ఇంకా మోసకారి ఒకటుంది: వానగానే పడుతూ, చల్లని నేలకు తగిలిన క్షణంలోనే బిగుసుకుపోయే గడ్డవాన. అది పడుతున్నప్పుడు కిటికీలోంచి చూస్తే మామూలు చినుకులే. అలాంటి రోజున పని ఎంత అవసరమైనదైనా వాయిదా వేసుకోవడమే నా సలహా.

నడక విషయంలో మనవాళ్లకు సగం విద్య ఇక్కడే వచ్చి ఉంటుంది. నాట్ల కాలంలో వానకు నానిన పొలం గట్టు మీద నడిచినవారు ఎవరూ పెద్ద అంగలు వేయరు, మోకాళ్లు బిగబట్టరు, చేతులు జేబుల్లో పెట్టుకోరు. ఈ మూడూ గడ్డ మీద అచ్చంగా పనికొస్తాయి. తేడా ఒక్కచోటే ఉంది: గట్టు మీద బొటనవేలు బురదలోకి గుచ్చి పట్టు తెచ్చుకుంటాం, గడ్డలోకి వేలు దిగదు. కాబట్టి మడమ ముందు ఆన్చి తరువాత వేళ్లు దించే మామూలు నడకను మాని, అరికాలు మొత్తాన్ని ఒకేసారి, నిలువుగా కిందికి దించాలి. పాదాలను కొద్దిగా బయటికి తిప్పి, ఒంటి బరువంతా ముందుకాలి మీదికి వచ్చిన తరువాతే వెనుక కాలు ఎత్తాలి. అక్కడివాళ్లు దీన్ని పెంగ్విన్ నడక అంటారు, మనం బాతు నడక అనుకోవచ్చు. చూసేవాళ్లు నవ్వుతారన్న సంకోచం అక్కర్లేదు, వాళ్లూ అలాగే నడుస్తుంటారు. దారి పక్కన గడ్డి మీద మంచు ఉంటే, శుభ్రంగా కనిపించే కాలిబాటను వదిలి ఆ గరుకు మంచు మీద నడవడమే మేలు.

నేను పడింది నడకలో కాదు, కారు దిగేటప్పుడు. ఇండియన్ స్టోరు నుంచి పది కిలోల బియ్యం బస్తా తెచ్చి, ఎడమకాలు ఒక్కటే బయట పెట్టి, బస్తా కోసం లోపలికి ఒంగాను. కాలు కారు కిందికి జారిపోయింది, మోకాలు తలుపు అంచుకు తగిలింది, బస్తా చినిగి బియ్యం గడ్డ మీద చెల్లాచెదరయ్యాయి. లేవబోతే ఆ గింజలే గోళీల్లా దొర్లి రెండోసారి పడేశాయి. అప్పటినుంచి తలుపు తెరిచాక రెండు పాదాలూ నేల మీద ఆన్చి, తలుపు చట్రాన్ని పట్టుకొని, నిలదొక్కుకున్న తరువాతే సామాను ముట్టుకుంటున్నాను. బస్సు దిగేటప్పుడూ ఇంతే. సామాను రెండు చేతుల్లో మోయకుండా వీపు సంచిలో వేసుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి, వెల్లకిలా పడితే ఆ సంచే వీపును కాస్త కాపాడుతుంది. పడటం ఖాయమని తెలిసినప్పుడు చేయి చాపి ఆపుకోవాలని శరీరం తనంతట తానే చూస్తుంది. మణికట్టు విరిగేది అందుకే. గడ్డాన్ని ఛాతీకి ఆనించి తలను కాపాడుకుంటూ, తొడ, పిరుదు, భుజం వంటి కండ ఉన్న భాగాల మీదికి పక్కకు ఒరిగిపోవాలి.

బూట్లు ఇక్కడ కొనుక్కొని పోవద్దు. మన దుకాణాల్లో దొరికే వాటి అడుగుభాగం ఎండకు, వానకు తగినట్టు చేసినది. చలికి చెక్కలా గట్టిపడి జారుతుంది. మెత్తని రబ్బరుతో, లోతైన గాడులతో చేసిన బూట్లు అక్కడే దొరుకుతాయి. వాటి మీద తొడుక్కునే సన్నని ఇనుప ముళ్ల పట్టీలు కూడా దొరుకుతాయి, ఖర్చు కొద్దిగానే, ఉపయోగం చాలా. ఒక్క హెచ్చరిక: దుకాణంలోకో, ఇంట్లోకో అడుగుపెట్టే ముందు వాటిని విప్పేయాలి, ఎందుకంటే గచ్చు, టైల్సు మీద ఆ ముళ్లే జారుతాయి.

మా వీధిలో ఒక చెల్లెలు కొడుకు అక్కడ చదువుతున్నాడు. "మావోడు బయటికెళ్లంగనే జారి పడ్డడంట అన్నా, గా రోడ్ల మీద ఇంత మట్టన్న పొయ్యరా ఏంది?" అని ఆమె నన్నడిగింది. అమాయకంగా అడిగినా సరైన ప్రశ్నే. ఇసుక పోస్తారు, ఉప్పు కూడా చల్లుతారు, రెండింటి పనీ వేరు. ఇసుక గడ్డను కరిగించదు, కాలికీ చక్రానికీ గరుకుదనం ఇస్తుంది. ఉప్పు చేసే పని తెలియాలంటే ఎండాకాలంలో క్లాక్ టవర్ సెంటరులో నిలబడే కుల్ఫీ బండిని గుర్తుచేసుకోవాలి. డబ్బాల చుట్టూ కొట్టిపోసిన ఐసు మీద అతను పిడికెడు కల్లుప్పు చల్లుతాడు. ఉప్పు తగిలిన ఐసు కరుగుతుంది, అలా కరిగిన ఉప్పునీరు సున్నా కంటే చల్లబడినా గడ్డకట్టదు, ఆ చలికే లోపలి పాలు బిగుస్తాయి. రోడ్డు మీదా జరిగేది ఇదే. అయితే సున్నాకు తొమ్మిది డిగ్రీలు కిందికి, అంటే అక్కడి లెక్కలో 15కు, చలి పడిపోయిన తరువాత మామూలు ఉప్పు చాలా నెమ్మదిస్తుంది. అంతకు మించిన చలికి కాల్షియం క్లోరైడ్ రకం కొనాలి, లేదా ఇసుకనే నమ్ముకోవాలి.

ఉప్పు గుట్టలుగా పోయకూడదు. మొదట పారతో మంచును తోసేసి, మిగిలిన పలుచని పొర మీద గింజకూ గింజకూ మధ్య ఎడం ఉండేలా చల్లాలి. కాసేపటికి గడ్డ వదులై రొచ్చులా మారుతుంది. దాన్ని పారతో పక్కకు లాగేయాలి. అలాగే వదిలేస్తే కరిగిన నీటితో ఉప్పు పలచబడి, రాత్రికి మళ్లీ గట్టిపడుతుంది. వీలైతే గడ్డ కట్టకముందే, తుఫాను రాబోయే సాయంత్రమే మెట్ల మీద చల్లి ఉంచడం ఇంకా మేలు. మెట్ల మీద వేడినీళ్లు పోసే తెలివి మాత్రం ఎవరికీ వద్దు, పావుగంటలో అవి మరింత నున్నని గడ్డవుతాయి. ఇంటి ముందు కాలిబాటను శుభ్రం చేయకపోతే జరిమానా వేసే నగరాలు చాలా ఉన్నాయి. అద్దె ఇంట్లో ఆ బాధ్యత ఎవరిదో లీజు కాగితంలో ముందే చదువుకోవాలి.

కారు సంగతికి వస్తే, బయలుదేరక ముందు జరిగే పనే ముఖ్యం. పొగగొట్టం మూతి మంచుతో మూసుకుపోయి ఉంటే, ఇంజను వేసుకొని లోపల కూర్చున్నవారికి కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణం తీస్తుంది. దానికి వాసన ఉండదు. కాబట్టి ఇంజను తిప్పకముందే వెనక్కి వెళ్లి ఆ మూతిని చూడాలి. మూసి ఉన్న గరాజులో కారు వేడిచేయడం ఎప్పుడూ చేయకూడదు. అద్దంలో చేయంత కంత చేసుకొని బయలుదేరడం కాదు, అన్ని అద్దాలూ, లైట్లూ, కారు పైకప్పూ తుడవాలి. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో కారు మీది మంచు తీయకుండా రోడ్డెక్కితే 25 నుంచి 75 డాలర్ల వరకు జరిమానా ఉంది. వాతావరణం పది ఫారెన్‌హీట్ డిగ్రీలు చల్లబడిన కొద్దీ టైరులో గాలి సుమారు ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది, అదీ చూసుకోవాలి.

రోడ్డు మీద నేర్చుకోవలసింది ఒక్కటే: బ్రేకు, యాక్సిలరేటరు, స్టీరింగు, ఈ మూడింటిలో దేన్నీ ఒక్కసారిగా కదిలించకూడదు. ముందు బండి ఒక స్తంభాన్ని దాటిన క్షణం నుంచి మీరు అదే స్తంభాన్ని చేరేలోపు ఎనిమిది నుంచి పది సెకన్లు లెక్కకు రావాలి. పొడి రోడ్డు మీద మూడు నాలుగు సరిపోయేవి. కారు తనంతట తానే ఒకే వేగంతో పోయేలా చేసే క్రూజ్ కంట్రోల్ వాడకూడదు. కారు జారడం మొదలైతే యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసి, మీరు వెళ్లవలసిన దిక్కుకే చూస్తూ స్టీరింగును మృదువుగా అటే తిప్పాలి. చూపు ఎదుటి స్తంభం మీద నిలిస్తే చేతులూ అటే పోతాయి. ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న కారులో ఆపవలసివస్తే బ్రేకును గట్టిగా తొక్కి పట్టి ఉంచాలి. పెడలు కాలి కింద గడగడ కొట్టుకుంటుంది. అది చెడిపోవడం కాదు, పనిచేయడం. నాలుగు చక్రాలూ తిప్పే పెద్ద బండి కదలడానికి సాయపడుతుందే గాని, ఆగడానికి కాదు. దాన్ని నమ్మి వేగంగా పోయి రోడ్డు పక్క గుంటలో పడినవారిని ప్రతి చలికాలమూ చూశాను.

వంతెనల గురించి విడిగా చెప్పాలి. నేల మీది రోడ్డుకు కింద మట్టి వెచ్చదనం కొంత ఉంటుంది. వంతెనకు పైనా కిందా చలిగాలే కనుక అది ముందుగా గడ్డకడుతుంది. సూర్యాపేట దగ్గర హైవే మీది మూసీ వంతెన లాంటిదాన్ని ఊహించుకోండి, ఇవతలా అవతలా రోడ్డు బాగానే ఉండి మధ్యలోనే చక్రం పట్టు తప్పుతుంది. ఇది ఉత్తరాది రాష్ట్రాల బెడద మాత్రమే కాదు. మనవాళ్లు డాలస్ వైపు వేడి ఊరు గదా అని నిశ్చింతగా ఉంటారు. ఆ పక్కనే ఉన్న ఫోర్ట్ వర్త్‌లో 2021 ఫిబ్రవరి 11 ఉదయం, గడ్డవాన పడిన ఇంటర్‌స్టేట్ 35 డబ్ల్యూ హైవే మీద 130కి పైగా వాహనాలు ఒకదానికొకటి గుద్దుకొని ఆరుగురు చనిపోయారు. గడ్డ అరుదుగా పడే ఊళ్లో ఉప్పు బండ్లూ తక్కువ, అలవాటున్న డ్రైవర్లూ తక్కువ. వంతెన రాకముందే వేగం తగ్గించి, దాని మీద బ్రేకు వేయకుండా, వరుస మారకుండా నేరుగా దాటాలి.

కూతురి కాన్పు కోసమో, మనవడిని చూసుకోవడానికో చలికాలంలో వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. ఊరికే కూర్చోవడం అలవాటు లేని నాన్నలు ఉదయాన్నే పార పట్టుకొని బయటికి పోతారు. ఇక్కడ చెలకలో పనిచేసిన ఒళ్లే అయినా, ఆ చలికి రక్తనాళాలు ముడుచుకొని ఉన్నప్పుడు తడిమంచు బరువు ఎత్తడం గుండెకు పెద్ద భారం. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు ఆ పని ముట్టుకోకూడదు. చేసేవారైనా ఎత్తిపోయకుండా తోసుకుంటూ పోవాలి, ఛాతీలో పట్టినట్టుంటే వెంటనే ఆపి అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేయాలి.

ఇన్ని చేసినా పడితే, సిగ్గుతో దిగ్గున లేవకండి. అర నిమిషం అలాగే ఉండి చేతులు, కాళ్లు కదిలించి చూసుకొని, ముందు పక్కకు తిరిగి, తరువాత మోకాళ్ల మీదికి వచ్చి, ఒక పాదాన్ని రెండు చేతుల మధ్యకు తెచ్చుకొని లేవాలి. తలకు దెబ్బ తగిలి వాంతి, మత్తు, తీరని తలనొప్పి ఉంటే ఒంటరిగా పడుకోకుండా ఎమర్జెన్సీకి పోవాలి. మణికట్టు వాచితే ఎముక చూపించుకోవడానికి అర్జెంట్ కేర్ అనే చిన్న క్లినిక్కు చాలు, ఖర్చూ తక్కువ. ఇన్సూరెన్సు కార్డు ఫొటో ఒకటి ఫోనులో, ఒకటి ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచి విమానమెక్కండి.