స్లో కుకర్‌లో కొరియన్ కారం చికెన్ ఎలా చేయాలి?

కొరియా ఇళ్లలో తరచూ వండుకునే డక్ బొక్కుమ్ టాంగ్ అంటే ఎముకతో ఉన్న చికెన్ ముక్కలు, బంగాళాదుంప, క్యారెట్, ఉల్లిపాయ వేసి ఎర్రగా ఉడికించే కారం కూర. అక్కడ పొయ్యి మీదే చేస్తారు, గంటలోపే అయిపోతుంది. దాన్నే స్లో కుకర్‌లో, అంటే సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నెలో పెట్టి ఆఫీసుకి వెళ్లిపోవచ్చు, కాకపోతే నీళ్ల దగ్గర చెయ్యి బిగపట్టాలి.

ముందు సరుకులు. కిలో చికెన్‌కి లెగ్, థై ముక్కలే తీసుకోండి, చర్మం తీసేయించండి, లేకపోతే పైన నూనె తేలుతుంది. బ్రెస్ట్ వద్దు, అన్ని గంటలు ఉడికితే పీచులా ఎండిపోతుంది. అసలు రుచంతా గోచుజాంగ్‌ది. మిరపపొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా గింజల పొడి, ఉప్పు కలిపి నెలల తరబడి ఊరబెట్టే ముద్ద అది, దక్షిణ కొరియాలో సున్‌చాంగ్ అనే ఊరు దీనికి బాగా పేరున్నది. దాని బదులు మన కొరివికారం వేద్దామనుకుంటే చింతపండు పులుపు వచ్చి కూర వేరేదైపోతుంది, డబ్బా కొనుక్కోవడమే మేలు. గోచుగారు అనే వాళ్ల మిరపపొడికి మాత్రం కశ్మీరీ కారం సరిపోతుంది. గుంటూరు కారం అదే కొలతలో వేశారో, తినలేరు.

సాస్ కలపడం రెండు నిమిషాల పని: గోచుజాంగ్ 3 పెద్ద చెంచాలు, మిరపపొడి 1, సోయా సాస్ 3, పంచదార 1, దంచిన వెల్లుల్లి 8 రెబ్బలు, అంగుళం అల్లం తురుము, పావు కప్పు నీళ్లు. అంతే. పసుపు, గరం మసాలా, ధనియాల పొడి ఏవీ వద్దు. ఉప్పు కూడా ఇప్పుడు వేయకండి, గోచుజాంగ్‌లోనూ సోయా సాస్‌లోనూ బోలెడంత ఉంది.

పావు కప్పు నీళ్లేంటి, మాడిపోదా అని టెన్షన్ పడకండి. స్లో కుకర్‌లో ఆవిరి మూతకి తగిలి మళ్లీ గిన్నెలోకే కారుతుంది, పైగా చికెన్, ఉల్లిపాయ వదిలే నీళ్లు ఉండనే ఉన్నాయి. పొయ్యి మీద లాగా రెండు కప్పులు పోస్తే సాయంత్రానికి ఎర్రటి చారు మిగులుతుంది.

ఇక పేర్చడం. రెండు బంగాళాదుంపలు, ఒక క్యారెట్ పెద్ద ముక్కలుగా కోసి అడుగున వేయండి. ఇందులో చికెన్ కంటే దుంపలే ఆలస్యంగా ఉడుకుతాయి, అడుగునైతే వేడి బాగా తగులుతుంది. వాటి మీద ఉల్లిపాయ, ఆ పైన చికెన్, దాని మీద సాస్. గిన్నె మూడింట రెండు వంతులు మించి నింపకండి. ఫ్రీజర్‌లోంచి తీసిన చికెన్ గడ్డని అలాగే పడేయడం మాత్రం అస్సలు చేయొద్దు, అది మెల్లగా వేడెక్కే లోపల బాక్టీరియా పెరుగుతుంది. ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టి కరగనివ్వండి.

కుకర్‌ని ‘లో’ (తక్కువ వేడి) మీద పెడితే 5 నుంచి 6 గంటలు, ‘హై’ (ఎక్కువ వేడి) మీద అయితే 3 గంటలు దాటాక చూడండి. మధ్యలో మూత తీసి కలపాలని చెయ్యి దురద పెడుతుంది, మనకి అలవాటు కదా, కానీ తీసిన ప్రతిసారీ వేడి పోయి పావుగంటో ఇరవై నిమిషాలో వెనక్కి వెళ్తుంది. థర్మామీటర్ ఉంటే ఎముకకి తగలకుండా గుచ్చి చూడండి, కనీసం 74 డిగ్రీల సెల్సియస్ ఉండాలి.

చాలామంది ఇక్కడే ఆపేసి, చప్పగా ఉందంటారు. గంటల కొద్దీ ఉడికాక వెల్లుల్లి ఘాటు తగ్గిపోతుంది మరి. అందుకని ముక్కలు పక్కకి తీసి, సాస్‌ని వెడల్పాటి మూకుడులో పోసి, ఇంకో రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి, ఒక చెంచా మిరపపొడి వేసి పెద్ద మంట మీద పది నిమిషాలు మరిగించండి. చెంచాకి అంటుకునేంత చిక్కబడాలి. టొక్ అనే, బియ్యప్పిండితో చేసే సాగే ముక్కలు దొరికితే వాటినీ ఇప్పుడే వేయాలి, మొదటి నుంచీ కుకర్‌లో ఉంటే ముద్దైపోతాయి. ఉప్పు చూసుకుని చికెన్ మీద పోసి, ఉల్లికాడలు, వేయించిన నువ్వులు చల్లండి. చివర్లో నువ్వుల నూనె ఒక్క చిన్న చెంచా. పచ్చళ్లలో పోసే మన గానుగ నూనె కాదు, కొరియా వాళ్లది గింజలు వేయించి తీసినది, ముదురు రంగులో ఉంటుంది, వాసనే వేరు.

వేడి అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. సాస్ మిగిలితే పారబోయకండి, కొరియాలో అందులోనే అన్నం వేసి, అడుగు కాస్త కరకరలాడేదాకా వేయించి, ఎండిన సముద్రపు నాచు నలిపి చల్లుకుని తింటారు. నన్నడిగితే ఈ అన్నం కోసమే కూర వండుకోవచ్చు.