పున్నమి చంద్రుణ్ణి చూసి తెలుగు నెల పేరు చెప్పడం ఎలా?

ఏరువాక పున్నమి, జంధ్యాల పున్నమి, కాముని పున్నమి... నిండు చంద్రుడికి మనవాళ్లు పండుగను బట్టి పెట్టుకున్న పేర్లివి. నెలల పేర్లు మాత్రం ఆకాశం నుంచే వచ్చాయి. పున్నమినాడు చంద్రుడు చిత్త దగ్గరుంటే చైత్రం, విశాఖ దగ్గరుంటే వైశాఖం, కృత్తిక దగ్గరుంటే కార్తికం. శ్రీలంకలో వెసాక్, థాయిలాండ్‌లో విశాఖ బూచా, మాఖ బూచా అనే పున్నమి పండుగల పేర్లకూ మూలం ఇదే. కాబట్టి క్యాలెండర్ తెరవకుండా, చంద్రుడి పక్కనున్న చుక్కను గుర్తుపట్టి నెల చెప్పేయవచ్చు.

ముందు లెక్క తెలియాలి

దక్షుడు తన 27 మంది కూతుళ్లను చంద్రుడికిచ్చి పెళ్లి చేశాడు. చంద్రుడు రోహిణి దగ్గరే ఉండిపోతుంటే మిగతావాళ్లు తండ్రితో మొరపెట్టుకున్నారు. ఆయన క్షయించిపొమ్మని శపించాడు. ఆ కూతుళ్లే 27 నక్షత్రాలు. ఈ కథలోనే ఖగోళమూ ఉంది: చంద్రుడు ఆకాశాన్ని చుట్టిరావడానికి 27.3 రోజులు పడుతుంది, అంటే సుమారుగా రోజుకొక నక్షత్రం. ఒక్కో నక్షత్రం వాటా 13 డిగ్రీల 20 నిమిషాలు. అయితే పున్నమి నుంచి పున్నమికి 29.5 రోజులు. ఈలోగా సూర్యుడూ జరుగుతాడు కదా, అతనికి ఎదురుగా రావడానికి చంద్రుడు ఇంకో రెండు రోజులు నడవాలి. అందుకే ఈ నెల పున్నమి చిత్తలో అయితే వచ్చే పున్నమి స్వాతిని దాటి విశాఖ దగ్గరికి వెళ్తుంది.

ఎలా చూడాలి?

1. కార్తికంతో మొదలుపెట్టండి. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం మబ్బుల్లో పోతాయి. కార్తికం, మాఘం, చైత్రం, జ్యేష్ఠం నాలుగూ సులువు. ఎందుకంటే కృత్తిక, మఖ, చిత్త, జ్యేష్ఠ నక్షత్రాలు సూర్యుడి దారికి ఐదు డిగ్రీల లోపే ఉన్నాయి; చంద్రుడూ దాదాపు ఆ దారి పక్కనే నడుస్తాడు. చిత్త నీలితెలుపు, జ్యేష్ఠ ఎరుపు. ఈ రెండింటినీ ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు.

2. చుక్కను నాలుగైదు రోజుల ముందే గుర్తుపట్టి పెట్టుకోండి. అసలు కిటుకు ఇదే. నిండు చంద్రుడి వెలుగులో కృత్తికలు దాదాపు కనిపించవు. కార్తిక శుద్ధ దశమి, ఏకాదశి నాళ్లలో రాత్రి ఎనిమిదింటికి తూర్పున చూడండి. గుప్పెడంత చోట గుమిగూడిన చిన్న చుక్కలు, పల్లెల్లో పిల్లలకోడి అనేవి, అవే కృత్తికలు.

3. పున్నమినాడు సూర్యాస్తమయం వేళకే చంద్రుడు ఉదయిస్తాడు కానీ తొందరపడొద్దు. దిగంతం దగ్గర పొగా ధూళీ ఎక్కువ. తొమ్మిదింటి దాకా ఆగి, వెలుగు కంట్లో పడకుండా చంద్రుడు గోడ అంచు చాటుకు వెళ్లేలా నిలబడండి. బైనాక్యులర్ ఉంటే మరీ మంచిది.

4. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే పిడికిలింబావు ఒక నక్షత్రం. చంద్రుడికీ చుక్కకూ మధ్య దూరం అంతకు లోపే ఉంటే సరిపోయినట్టే. మర్నాడు అదే వేళకు చూస్తే చంద్రుడు మరో పిడికిలింబావు తూర్పుకు జరిగి ఉంటాడు.

5. ఇప్పుడు పేరు పెట్టండి. చిత్త, స్వాతి అయితే చైత్రం. విశాఖ, అనూరాధ వైశాఖం. జ్యేష్ఠ, మూల జ్యేష్ఠం. పూర్వాషాఢ, ఉత్తరాషాఢ ఆషాఢం. శ్రవణం, ధనిష్ఠ శ్రావణం. శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర భాద్రపదం. రేవతి, అశ్విని, భరణి ఆశ్వయుజం. కృత్తిక, రోహిణి కార్తికం. మృగశిర, ఆర్ద్ర మార్గశిరం. పునర్వసు, పుష్యమి పుష్యం. ఆశ్లేష, మఖ మాఘం. పుబ్బ, ఉత్తర, హస్త ఫాల్గుణం.

ఎక్కడ తప్పుతుంది?

శ్రావణ పున్నమికి చంద్రుడి పక్కనే శ్రవణం కోసం వెతికేవాళ్లు చాలామంది. మొబైల్ యాప్‌లలో ఆల్టెయిర్ అని కనిపించే ఈ చుక్క సూర్యుడి దారికి 29 డిగ్రీలు ఉత్తరాన ఉంది. మూడు పిడికిళ్లు పైకి చూడాలి. స్వాతీ అంతే. మృగశిర తిరకాసు వేరు: చుక్కలు దక్షిణాన, చంద్రుడు వాటికి ఉత్తరంగా వెళ్తాడు.

పంచాంగంలో రాసిన నక్షత్రానికీ మీ కంటికి కనిపించినదానికీ ఒక్కోసారి తేడా వస్తుంది. పంచాంగం ఆకాశాన్ని 27 సమాన భాగాలు చేస్తుంది; చుక్కలు మాత్రం అంత సమానంగా పరుచుకుని లేవు. ఒక నక్షత్రం అటూ ఇటూ అయితే కంగారు పడనక్కరలేదు.

అధిక మాసం వచ్చిన ఏడాది ఈ పద్ధతి ఒక్కటే చాలదు. పన్నెండు చాంద్రమాసాలు 354 రోజులు. సౌర సంవత్సరానికి దాదాపు 11 రోజులు తక్కువ. ఆ లోటు పేరుకుని సుమారు 32, 33 నెలలకొకసారి సంక్రమణం, అంటే సూర్యుడు రాశి మారడం, లేని నెల వస్తుంది. అదే అధిక మాసం; దాని తర్వాత అదే పేరుతో వచ్చేది నిజ మాసం. 2023లో ఆగస్టు 1న అధిక శ్రావణ పున్నమి, 30న నిజ శ్రావణ పున్నమి వచ్చాయి. ఏది అధికమో చుక్కను చూసి తేల్చలేం. ఆ నెలలో సూర్యుడు రాశి మారాడో లేదో పంచాంగంలో చూడాల్సిందే.

ఉత్తరాది స్నేహితులతో మాట్లాడేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి. వాళ్లకు నెల పున్నమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. పున్నమి పేరు ఇద్దరికీ ఒకటే, ఆ తర్వాతి పక్షమే మారుతుంది. కృష్ణాష్టమి మనకు శ్రావణ బహుళ అష్టమి, వాళ్లకు భాద్రపద కృష్ణ అష్టమి. రోజు మాత్రం అదే.