వంగిన బ్రేయర్ గుర్రం కాలికి వేడినీళ్లు చాలు

బ్రేయర్ అనే అమెరికన్ కంపెనీ బొమ్మ గుర్రాలను ఎక్కువగా సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, అది వేడికి మెత్తబడే రకం, అందుకే ఎండలో ఆపిన కారులోనో అటక మీదో ఉండిపోతే కాలు వంగి బొమ్మ ఒక పక్కకి ఒరుగుతుంది. సరిచేయడానికీ ఆ వేడే కావాలి. నీళ్లు మరిగించి స్టవ్ ఆపేయండి. వంగిన కాలు మాత్రమే ఒకటి రెండు నిమిషాలు ముంచి, తీసి, మెల్లగా వంచండి. బలం పెట్టాల్సి వస్తోందంటే ఇంకా మెత్తబడలేదన్నమాట, మళ్లీ ముంచండి, మొండికేస్తే కాలు పుటుక్కుమంటుంది. కావలసిన చోటికి రాగానే అలాగే పట్టుకుని ఐసునీళ్లలో పెట్టండి, గట్టిపడేదాకా వదలొద్దు. నేలకి ఆనాల్సిన గిట్టలన్నీ ఆనాయో లేదో గాజు పలక మీద నిలబెట్టి చూసుకోండి, మన బల్లల్ని నమ్మడానికి లేదు. హెయిర్ డ్రయ్యర్ వాడేవాళ్లూ ఉన్నారు గానీ వేడంతా ఒకేచోట తగిలితే రంగు పాడవుతుందని టెన్షన్, నాకైతే నీళ్లే నయం. రంగు మార్చే ఆలోచన ఉంటే కాళ్లు సరిచేశాకే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కొట్టండి, తర్వాత వంచితే కొత్త రంగు పగుళ్లిస్తుంది. పింగాణీ గుర్రాలకి మాత్రం ఈ పని చేయకండి.