లెక్కలు చెప్పడం ఎలా? 4వ పాఠం: సమానం గుర్తు, మళ్ళీ

ఈసారి భిన్నాలు మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చాలామంది తరగతుల్లో అడ్డం తిరిగింది. అది తేలాకే భిన్నాలు.

ఆ లెక్క 8 + 4 = □ + 5. ఎక్కువమంది పిల్లలు పెట్టెలో 12 రాశారు, కొందరు అన్నీ కూడేసి 17 రాశారు. అంతవరకు అనుకున్నదే. మీరు వెంటనే "7 రావాలి" అని చెప్పేసి ముందుకెళ్ళారు, చిక్కంతా అక్కడే. మర్నాడు 9 + 6 = □ + 8 ఇస్తే మళ్ళీ 15 అన్నారు. వాళ్ళకు కూడిక వచ్చు, గుర్తే రాదు. "=" కనిపిస్తే "జవాబు ఇక్కడ వెయ్యి" అని అర్థం చేసుకుంటున్నారు.

ఈ అలవాటు చాలావరకు మన బోర్డు నుంచే వస్తోంది. "5కు 3 కలిపి, 2తో గుణించి, 1 తీసెయ్యండి" అంటూ మనం రాసేది ఇదీ:

5 + 3 = 8 × 2 = 16 − 1 = 15

చివరి జవాబు సరైనదే. కానీ 5 + 3 అంటే 8, దాని పక్కనే సమానమంటూ పెట్టిన 8 × 2 అంటే 16. 8, 16, 15 మూడూ ఒకటేనని బోర్డు మీద రాశాం! "పిల్లలకు అర్థమవుతుందిలెండి" అంటే నేను ఒప్పుకోను. వాళ్ళు అర్థం చేసుకున్నది ఇదే కాబట్టి పై తరగతిలో 2x + 3 = 11 = 2x = 8 = x = 4 అని రాస్తారు. 1557లో వేల్స్ గణితవేత్త రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తుకు ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలు ఎంచుకున్నది, అంతకన్నా సమానమైనవి ఉండవనే. మెట్టుకో వరుస రాయండి. బోర్డు మీద చోటు చాలకపోతే చెరిపి రాయండి.

తర్వాత "ఒప్పా, తప్పా?" అని అడగండి: 12 = 7 + 5. 6 = 6. రెండోది తప్పనే పిల్లలుంటారు, "అందులో చెయ్యడానికేం లేదు" అంటారు. సరిదిద్దకండి, పక్కవాళ్ళతో వాదించుకోనివ్వండి. రెండువైపులా సమానమని చూపే తక్కెడ బొమ్మ నేను వాడను, రుణసంఖ్యలు వచ్చేసరికి అది పనికిరాదు. దానికి బదులు 48 + 37 = □ + 38 ఇచ్చి, కూడకుండా చెప్పమంటాను. 37 ఒకటి పెరిగింది కాబట్టి 48 ఒకటి తగ్గాలని ఎవరో ఒకరు పట్టుకుంటారు.

అభ్యాసం: ఈ వారం మీ బోర్డును చెరిపే ముందు ప్రతిసారీ ఫొటో తీయండి. ఇంటికెళ్ళి ప్రతి "="కు రెండువైపులా ఉన్న విలువలు రాసి చూడండి. సరిపోనివన్నీ మర్నాడు పిల్లల చేతే సరిచేయించండి.