రాష్ట్రపతికి క్షమాభిక్ష అర్జీ: పెట్టే ముందు చూసుకోవాల్సినవి

చిత్తూరు కోర్టు ఆవరణలో పారా లీగల్ వాలంటీరుగా కూర్చున్నప్పుడు ఒక తల్లి వచ్చింది. కొడుక్కి ఎర్రచందనం కేసులో శిక్ష పడింది. కవరు మీద రాష్ట్రపతి భవన్ చిరునామా రాయించి, స్టాంపులు కూడా అంటించేసింది. "రాష్ట్రపతికి రాస్తే వదిలేస్తారంట కదా సామీ" అంది. ఆ అర్జీ రాసినందుకు ఎవరో ఐదు వేలు తీసుకున్నారట.

అసలు చూడాల్సింది శిక్ష ఏ చట్టం కింద పడిందన్నది. తీర్పు కాపీలోనే అది ఉంటుంది. ఆమె కొడుకు కేసు 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కింద పెట్టింది. రాష్ట్ర చట్టాల శిక్షలకు అర్జీ గవర్నర్‌కి వెళ్లాలి, రాజ్యాంగం 161వ అధికరణ కింద. అదే దుంగ హార్బర్‌లో పట్టుబడి కస్టమ్స్ చట్టం కింద శిక్ష పడితే, అది కేంద్ర చట్టం కాబట్టి 72వ అధికరణ కింద రాష్ట్రపతికి పెట్టుకోవచ్చు. సైనిక కోర్టు శిక్షలకు, మరణశిక్షలకు కూడా రాష్ట్రపతికి పెట్టుకోవచ్చు. హత్య కేసులో యావజ్జీవం పడితే గవర్నర్‌కే పెట్టాలి. 2022లో, రాజీవ్ గాంధీ హత్య కేసు దోషి పేరరివాలన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది.

మరణశిక్ష కేసులో గడువు చాలా ముఖ్యం. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహిత 472వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. సుప్రీంకోర్టులో అప్పీలు, రివ్యూ కొట్టేశారని జైలు సూపరింటెండెంట్ చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లోపు అర్జీ పెట్టాలి. ఖైదీయే కాదు, వారసులు, బంధువులు కూడా పెట్టొచ్చు. ముందు గవర్నర్‌కి పెడితే, ఆయన తిరస్కరించాక 60 రోజుల్లోపు రాష్ట్రపతికి పెట్టాలి. సూపరింటెండెంట్ చెప్పిన తేదీని ఆ రోజే కాగితం మీద రాసిపెట్టుకోండి.

అర్జీకి ఫీజు లేదు. కేసు నంబరు, కోర్టు, శిక్ష, జైల్లో గడిచిన కాలం రాసి, తర్వాత కారణాలు రాయండి: వయసు, జబ్బు, మానసిక స్థితి, నేరంలో అతని పాత్ర ఎంత, ఇంటి పరిస్థితి. తీర్పు కాపీలు, ఆసుపత్రి కాగితాలు జతచేయండి. "మా వాడు మంచివాడు" అని పది పేజీలు నింపేకంటే ఒక్క మెడికల్ రిపోర్టు ఎక్కువ పని చేస్తుంది. జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

రాష్ట్రపతికి పెట్టిన అర్జీ కేంద్ర హోంశాఖ దగ్గరికి వెళ్తుంది. వాళ్లు రాష్ట్ర ప్రభుత్వ అభిప్రాయం తీసుకుని సిఫార్సు పంపుతారు. రాష్ట్రపతి ఒంటరిగా నిర్ణయించరు, కేబినెట్ సలహా మీదే నడుస్తారు. ఒకసారి తిప్పి పంపొచ్చు, అంతే. నేరుగా కలిసి చెప్పుకునే హక్కు లేదని 1988లో, ఇందిరా గాంధీ హత్య కేసు దోషి కేహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే చెప్పాల్సిందంతా కాగితం మీదే ఉండాలి.

తిరస్కరణతోనే అంతా అయిపోయిందని అనుకోకండి. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఇద్దరికి ఉరిశిక్ష పడింది. మొదటి అర్జీని శంకర్ దయాళ్ శర్మ తిరస్కరించారు. తర్వాత మళ్లీ పెట్టుకుంటే 1998లో కె.ఆర్.నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. చనిపోయినవారి ఇళ్లలో ఆ కబురు ఎలా విని ఉంటారో, ఆ మాట కూడా నాకు గుర్తొస్తుంటుంది.

రాష్ట్రపతి ఉత్తర్వు మీద అప్పీలు లేదని కొత్త చట్టం చెబుతోంది. అయినా నిర్ణయం జరిగిన తీరును సుప్రీంకోర్టు గతంలో పరిశీలించింది. 2006లో ఏపూరు సుధాకర్ కేసులో మన గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపునే కొట్టేసింది. రాజకీయం, కులం చూసి క్షమాభిక్ష ఇవ్వకూడదంది. 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో, అర్జీని ఏళ్ల తరబడి నాన్చడం కూడా ఉరిని యావజ్జీవంగా మార్చడానికి కారణమేనంది. తిరస్కరణ తెలిపాక ఉరికి కనీసం 14 రోజుల వ్యవధి ఇవ్వాలంది. వకీలును కలవాల్సింది ఆ రోజుల్లోనే.

ఆ తల్లి చేత కొత్త కవరు తెప్పించి, జైలు సూపరింటెండెంట్ ద్వారా గవర్నర్ గారికి అని రాయించాం. పాత కవరు మీద స్టాంపులు ఆమె జాగ్రత్తగా ఊడదీసి పర్సులో పెట్టుకుంది.